పంటి వేరుకూ కొలత ఉంది

మా క్యాంపులో ఎవరికైనా పన్ను సలిపితే మొదటి మందు లవంగం. రెండోది పనడాల్ గోలీ. మూడోది 'చుట్టీకి ఇంటికి పోయినప్పుడు చూసుకుందాంలే' అనే మాట. ఈ మూడో మందు వల్లనే గల్ఫ్‌లో మనవాళ్లు ఎక్కువ పళ్లు పోగొట్టుకుంటున్నారని నా అభిప్రాయం.

నేను డాక్టర్ను కాదు. సివిల్‌లో డిప్లొమా చేసి, పన్నెండేళ్లుగా దుబాయిలో బిల్డింగ్ సైట్ల మీద సూపర్‌వైజర్‌గా పని చేస్తున్నాను. పళ్ల గురించి రాయడానికి ఇతనెవరు అని మీరు అనుకోవచ్చు. కానీ రూట్ కెనాల్ వైద్యంలో ఒక భాగం అచ్చంగా మా పనిలాంటిదే. అది కొలత. ఆ కొలత సరిగ్గా ఉంటే పన్ను నిలుస్తుంది, తప్పితే డబ్బులూ పోతాయి, పన్నూ పోతుంది. అందుకే ఈ నాలుగు ముక్కలు.

ఒక అన్న కథ

మా రూములో స్టీల్ ఫిక్సింగ్ చేసే అన్న ఒకాయన ఉండేవాడు. జగిత్యాల దిక్కు మనిషి. కింది దవడ పన్ను పుచ్చిపోయి, కూలర్ నీళ్లు తాగితే జివ్వున లాగేది. ఎండాకాలం సైట్ మీద చల్లటి నీళ్లు తాగకుండా ఎట్లా ఉంటాం? ఒక చెంప పట్టుకొని రెండో పక్క నుంచి తాగేవాడు. అట్లా ఏడాది పాటు గోలీలతోనే నెట్టుకొచ్చాడు.

రెండేళ్లకోసారి వచ్చే చుట్టీ వచ్చింది. ఇంటికి పోయాడు. చెల్లె పెళ్లి, ఇంటి మీద స్లాబు, బ్యాంకు లోను, చుట్టాల ఇండ్లు. ఇవన్నీ అయిపోయి, తిరుగు టికెట్ ఐదు రోజులుందనగా పన్ను గుర్తొచ్చింది. దవాఖానకు పోతే రెండు సిట్టింగుల్లో నరం తీసి, సిమెంటు పెట్టి పంపించారు. 'క్యాప్ మళ్లీ వచ్చినప్పుడు వేయించుకో' అన్నారట. ఫ్లైటెక్కి వచ్చేశాడు.

నాలుగు నెలలు బాగానే గడిచింది. 'చూసినవా తమ్మీ, ఇక్కడైతే నెల జీతం అడిగేటోళ్లు' అని మాతో గొప్పగా చెప్పుకున్నాడు కూడా. ఐదో నెలలో ఒకరోజు పొద్దున లేచేసరికి దవడ వాచి కన్ను సగం మూసుకుపోయింది. జ్వరం. హెల్మెట్ పట్టీ పెట్టుకోలేకపోతున్నాడు. నేనే వెంటబెట్టుకొని క్లినిక్‌కు తీసుకుపోయాను.

డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి తెర మీద చూపించింది. కింది దవడలో ఆ పెద్ద పన్నుకు మామూలుగా రెండు వేళ్లు ఉంటాయట. ఆ వేళ్లలో చాలామందికి మూడు కాలువలు, కొందరికి నాలుగు ఉంటాయట. నింపిన మందు ఎక్స్‌రేలో తెల్లటి గీతలా కనబడుతుంది. ఒక వేరులో ఆ గీత దాదాపు చివరిదాకా వెళ్లింది. రెండో వేరులో సగం దారిలోనే ఆగిపోయింది. ఆగిన చోటు కింద అంతా ఖాళీ. వేరు మొన చుట్టూ నల్లటి నీడ. 'ఇక్కడ శుభ్రం కాలేదు, లోపల ఇన్‌ఫెక్షన్ మిగిలిపోయింది, ఎముక దాకా పోయింది' అని చెప్పింది.

పాత మందు తీసి మళ్లీ మొదటి నుంచి చేయాలి, ఆపైన క్యాప్ వేయాలి. మొత్తం లెక్క చెబితే అన్న నెలన్నర జీతం. ఆయన నా మొహం చూశాడు, నేల చూశాడు. 'వద్దు మేడం, పీకేయండి' అన్నాడు. బయటికి వచ్చాక దూది కరిచి పట్టుకొనే 'పోతే పోయింది తీ తమ్మీ, ఇంకా ముప్పై ఒకటి ఉన్నయి గదా' అని నవ్వాడు. ఇప్పుడాయన అన్నం ఒక పక్కనే నములుతాడు.

ఆ ఎక్స్‌రే నా కళ్లలోంచి పోలేదు. మా సైట్‌లో ఇరవై మీటర్లు దిగాల్సిన పైల్‌ను పన్నెండు మీటర్ల దగ్గర ఆపేసి కాంక్రీట్ పోస్తే ఎవరైనా ఊరుకుంటారా? పోసే ముందు బరువు కట్టిన టేపు వదిలి లోతు చూస్తాం. కన్సల్టెంట్ మనిషి పక్కన నిలబడి చూసి సంతకం పెడితేనే ట్రక్కు వెనక్కి వస్తుంది. మరి మనిషి నోట్లో పోసేటప్పుడు ఆ లోతు ఎవరు చూశారు? ఎవరు రాసి పెట్టారు?

ఊళ్లో వైద్యం చేసినవారిని నేను ఇక్కడ కూర్చొని తప్పు పట్టలేను. ఆ కాలువ గట్టిపడి మూసుకుపోయి ఉండొచ్చు. ఐదు రోజుల్లో ఫ్లైట్ అని మనమే తొందర పెట్టి ఉండొచ్చు. కానీ ఒక మాట మాత్రం నిజం. కాలువ చివరిదాకా వెళ్లలేదన్న సంగతి మా అన్నకు ఎవరూ చెప్పలేదు. ఆయన అడగనూ లేదు.

ఇంతకీ కొలిచేదేంటి?

పన్ను బయటికి కనబడేది కొంతే. అంతకంటే ఎక్కువ భాగం వేరుగా ఎముకలో దిగి ఉంటుంది. పన్ను మధ్యలో ఉండే మెత్తటి కండనే మనం 'నరం' అంటాం. నిజానికి అందులో నరాలతోపాటు రక్తనాళాలు కూడా ఉంటాయి. అది వేరు లోపలి సన్నటి కాలువ గుండా దిగి, వేరు మొన దగ్గర చిన్న రంధ్రం ద్వారా ఎముకలోని నరాలతో, రక్తనాళాలతో కలుస్తుంది.

పుచ్చు ఆ నరం దాకా పోయి, అది చెడిపోయినప్పుడు చేసేదే రూట్ కెనాల్. పన్ను పైన రంధ్రం చేసి, ఫైల్ అనే సన్నటి సూదుల్లాంటి పనిముట్లతో కాలువ గోకి, మందునీళ్లతో కడిగి, ఆరబెట్టి, గట్టాపర్చా అనే రబ్బరులాంటి పదార్థంతో నింపి మూసేస్తారు. ఈ ఫైళ్లకు మన స్టీలుకున్నట్టే సైజులున్నాయి. 10 నంబరు ఫైల్ మొన 0.10 మిల్లీమీటరు, 15 నంబరుది 0.15 మిల్లీమీటరు. మనం సైట్‌లో వాడే బైండింగ్ వైరు కంటే కూడా ఎంతో సన్నం.

ఈ కాలువ చివరిదాకా ఒకే వెడల్పుతో ఉండదు. మొనకు కాస్త ముందు బాగా సన్నబడి, మళ్లీ కొంచెం విచ్చుకుంటుంది. డమరుకం నడుము లాగా అనుకోండి. ఆ నడుము మామూలుగా వేరు మొనకు అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు ముందు ఉంటుంది. శుభ్రం చేయడమైనా, నింపడమైనా అక్కడి దాకా పోవాలి, అక్కడే ఆగాలి. పన్ను పైనున్న ఒక మొన నుంచి అక్కడి దాకా ఉన్న పొడవునే వర్కింగ్ లెంగ్త్ అంటారు. చాలా పళ్లకు ఇది ఇరవై మిల్లీమీటర్లకు అటూ ఇటూ. కోరపన్నుకు ఇంకొంచెం ఎక్కువ. పుస్తకంలో ఉన్న సగటు చూసి చేసే పని కాదిది. ఒకే మనిషిలో కూడా ఒక వేరు పొడవు ఇంకో వేరుకు ఉండదు.

తక్కువైతే ఏమవుతుందో మా అన్న కథలో చూశాం. చెడిన కండ, క్రిములు లోపలే మిగిలిపోతాయి. ఎక్కువైతే ఇంకో గొడవ. ఫైల్ వేరు దాటి ఎముకలో గుచ్చుకుంటుంది. కడగడానికి వాడే సోడియం హైపోక్లోరైట్ మనం బాత్రూముల్లో వాడే క్లోరాక్స్ జాతిదే. అది వేరు మొన దాటి బయటికి పోతే భరించలేని నొప్పి, గంటల్లో వాపు. కింది దవడ వెనక పళ్ల వేళ్ల దగ్గర్లోనే పెదవికి, గడ్డానికి స్పర్శ ఇచ్చే నరం పోతుంటుంది. మందు దాని మీద పడితే పెదవి మొద్దుబారిపోవచ్చు. అంటే మనం మాట్లాడుకునేది ఒకటి రెండు మిల్లీమీటర్ల గురించే అయినా, దాని వెనక ఉన్న నష్టం చిన్నది కాదు.

డ్రాయింగు, డిటెక్టరు రెండూ కావాలి

ఆ కథ జరిగిన కొన్నాళ్లకు నా పన్నే సలపడం మొదలుపెట్టింది. ఈసారి చుట్టీ దాకా ఆగలేదు. ఇక్కడే క్లినిక్‌కు పోయాను. మత్తు ఇచ్చి, పన్ను తెరిచాక, డాక్టర్ నా పెదవికి ఒక చిన్న కొక్కెం తగిలించాడు. దానికో వైరు. ఇంకో వైరు చివర క్లిప్పును పన్ను లోపల పెట్టిన ఫైల్‌కు పట్టించాడు. పక్కన అరచేతిలో పట్టేంత మీటరు. ఫైల్ లోపలికి దిగుతుంటే మీటరు మీద గీతలు దిగుతూ, 'టిక్... టిక్... టిక్‌టిక్' అని చప్పుడు దగ్గర దగ్గర పడుతోంది. మా కేబుల్ డిటెక్టరు నేల కింద లైను దగ్గరపడ్డప్పుడు కూసినట్టే! నోరు తెరిచి ఉంది కాబట్టి అడగలేకపోయాను గానీ, పని అయ్యాక మొదటి ప్రశ్న అదే అడిగాను. దాని పేరు అపెక్స్ లొకేటర్. వేరు కొన ఎక్కడుందో కరెంటుతో కనిపెట్టే పరికరం.

దాని కిటుకు మన సైట్ ఎలక్ట్రీషియన్‌కు చెబితే నిమిషంలో అర్థమవుతుంది. పంటి గోడ కరెంటును సరిగ్గా పోనివ్వదు. వేరు బయటి కండ, పెదవి కండ పోనిస్తాయి. ఫైల్ కాలువలో ఉన్నంతసేపు సర్క్యూట్‌కు అడ్డు ఎక్కువ. మొన రంధ్రం దగ్గరికి చేరి బయటి తడి కండను అందుకోబోతుంటే అడ్డు ఒక్కసారిగా పడిపోతుంది. ఆ తేడాను పట్టుకొని మీటరు చెబుతుంది. వాడే కరెంటు చాలా స్వల్పం. నాకు ఏమీ తెలియలేదు.

ఇది నిన్న మొన్న పుట్టిన ఆలోచన కాదు. కరెంటుతో వేరు పొడవు కనుక్కోవచ్చని 1918లోనే కస్టర్ అనే ఆయన రాశాడు. 1942లో జపాన్‌లో సుజుకి కుక్కల పళ్ల మీద పరిశోధన చేస్తూ, వేరు చుట్టూ ఉండే కండకూ నోటి లోపలి చర్మానికీ మధ్య కరెంటు అడ్డు ఎప్పుడూ దాదాపు ఒకేలా ఉంటుందని గమనించాడు. 1962లో సునాడా అదే సూత్రాన్ని మనుషుల పళ్లకు పనికొచ్చేలా చేశాడు. ఆ అడ్డు సుమారు 6.5 కిలో ఓమ్‌లు.

కానీ ఆ పాత మీటర్లతో ఒక చిక్కు. కాలువలో రక్తమో, మందునీళ్లో ఉంటే తప్పు చూపేవి. తడి చోట మల్టీమీటరు పెడితే ఎట్లా ఉంటుందో మనకు తెలుసు కదా. దీనికి మందు కూడా జపాన్‌లోనే దొరికింది. ఒకే ఫ్రీక్వెన్సీతో కాకుండా రెండింటితో కొలిచి, ఆ రెంటి నిష్పత్తి చూస్తే తడి ఉన్నా లెక్క పెద్దగా చెడదని కోబయాషి, సుడా 1994లో వివరించారు. మోరిటా కంపెనీ రూట్ జెడ్ఎక్స్ ఈ పద్ధతి మీదే నడుస్తుంది. ఒకటి 8 కిలోహెర్ట్జ్, ఇంకోటి 0.4 కిలోహెర్ట్జ్. ఆ తర్వాత ఎన్నో కంపెనీలు ఇలాంటివి తెచ్చాయి.

'మరి ఎక్స్‌రే ఉండగా ఇదెందుకు' అని నేను అడిగాను. ఎక్స్‌రే అంటే ఒక పక్క నుంచి తీసిన ఫొటో. పొడవు వెడల్పు తెలుస్తాయి గానీ, వేరు మన వైపుకో అవతలి వైపుకో వంగితే ఆ వంపు అందులో కనబడదు. పైగా కాలువ రంధ్రం అన్ని పళ్లలోనూ సరిగ్గా వేరు మొననే ఉండదు. చాలాసార్లు కొంచెం పక్కకు తెరుచుకుంటుంది. ఎక్స్‌రేలో ఫైల్ మొనకు సరిగ్గా చేరినట్టు కనబడుతూనే, నిజంగా బయటికి పొడుచుకొచ్చి ఉండొచ్చు. ఎముక నీడలు అడ్డొస్తే పై దవడ పళ్ల మొనలు అసలు స్పష్టంగా కనబడవు.

సైట్ భాషలో చెప్పాలంటే ఎక్స్‌రే డ్రాయింగు లాంటిది, ఈ మీటరు కేబుల్ డిటెక్టరు లాంటిది. తవ్వే ముందు డ్రాయింగు చూస్తాం. ఎన్ని లైన్లు, ఎటు పోతున్నాయి, ఎక్కడ వంపు అన్నది డ్రాయింగే చెబుతుంది. కానీ డ్రాయింగు ఒక్కటే నమ్మి బకెట్ దించితే ఏమవుతుందో కేబుల్ తెగ్గొట్టిన ప్రతి జేసీబీ డ్రైవర్‌కూ తెలుసు. డిటెక్టరు ఒక్కటే నమ్మినా కుదరదు, అది లైను అక్కడుందని చెబుతుంది గానీ మొత్తం నెట్‌వర్క్ చూపించదు. రెండూ పెట్టుకొని, చివరి అడుగు చేత్తో తవ్వుతాం. మంచి పంటి డాక్టర్లు చేసేదీ అదే. మొదట ఎక్స్‌రే, తర్వాత మీటరు, మళ్లీ ఒక ఎక్స్‌రేతో సరిచూసుకోవడం, వీటన్నిటితోపాటు చేతివేళ్ల అనుభవం.

మిషన్ ఉన్నంత మాత్రాన సరిపోదు

ఇదంతా చదివి 'మిషన్ ఉన్న దవాఖాన మంచిది, లేనిది చెడ్డది' అనుకుంటే పొరపాటు. మీటరు రాకముందు కూడా ఎక్స్‌రేతో, చేతి అనుభవంతో లక్షల పళ్లు కాపాడిన డాక్టర్లున్నారు. టోటల్ స్టేషన్ లేని రోజుల్లో మన మేస్త్రీలు నీళ్ల గొట్టంతో లెవెల్ చూసి ఇండ్లు కట్టలేదా? అసలు ప్రశ్న మిషన్ ఉందా అని కాదు, కొలిచారా లేదా అని.

మిషన్ కూడా తప్పు చెబుతుంది. పన్నుకు పాత లోహపు క్యాపో, వెండి ఫిల్లింగో ఉండి ఫైల్ దానికి తాకితే సర్క్యూట్ అక్కడే షార్ట్ అయ్యి, మొన ఇంకా దూరముండగానే 'వచ్చేసింది' అంటుంది. పన్ను లోపల మందునీళ్లో, రక్తమో పైదాకా నిండి పొంగుతుంటే అంతే. వేరు మొన ఇంకా తయారుకాని పిల్లల పళ్లలో, వేరు విరిగిన పళ్లలో లెక్క తప్పొచ్చు. బ్యాటరీ దిగిపోయినా అంతే సంగతి. కాలువ మధ్యలో మూసుకుపోతే మీటరు అసలు మొననే చూడదు.

ఇంకో ముఖ్యమైన ముచ్చట. మీటరు మీద కనబడే 0.5 అనే అంకె నిజంగా అర మిల్లీమీటరు అని కాదు. అది దగ్గరపడ్డామని చెప్పే గుర్తు మాత్రమే. అందులో నమ్మదగిన గుర్తు సున్నా, అంటే రంధ్రం చేరినచోటు. అందుకే చాలామంది డాక్టర్లు సున్నా దాకా దించి, ఫైల్ మీది రబ్బరు బిళ్లను పన్ను మొనకు ఆనించి, బయటికి తీసి స్కేలు మీద కొలిచి, అందులోంచి అర మిల్లీమీటరు తగ్గిస్తారు. మిషన్ ముందు కూర్చున్న మనిషికి ఆ లెక్క తెలియకపోతే మిషన్ ఏం చేస్తుంది? లెవెల్ యంత్రం ఎంత ఖరీదైనదైనా, స్టాఫ్ పట్టుకున్నవాడు వంకరగా పడితే రీడింగ్ వంకరే.

ఆ రబ్బరు బిళ్ల దగ్గర మా పనికీ ఆ పనికీ ఇంకా దగ్గరి పోలిక దొరికింది. పన్ను పైన ఏ మొన నుంచి కొలిచారో అది మన బెంచ్‌మార్క్ అన్నమాట. రెండు సిట్టింగుల మధ్య తాత్కాలికంగా పెట్టిన సిమెంటో, ఆ పన్ను మొనో విరిగిపోతే పాత కొలత పనికిరాదు. సైట్‌లో టీబీఎం గుర్తును ట్రక్కు తొక్కేస్తే పాత లెవెళ్లతో పని చేస్తామా? మళ్లీ కొలవాల్సిందే. వంపు కాలువను గోకుతూ పోతే అది కాస్త నిటారుగా మారి పొడవు తగ్గుతుంది కూడా. అందుకే జాగ్రత్త గల డాక్టర్లు మధ్యలో ఇంకోసారి కొలుస్తారు. అలా మళ్లీ కొలుస్తుంటే 'వీళ్లకు పని రాదు' అనుకోకండి. పని వచ్చినవాళ్లే మళ్లీ కొలుస్తారు.

అడిగితే తప్పా?

మనవాళ్లలో ఒక అలవాటు ఉంది. డాక్టర్ ముందు కూర్చుంటే నోరు తెరుస్తాం గానీ మాట్లాడం. 'పెద్ద చదువులు చదివినోళ్లు, మనం అడిగితే ఏమనుకుంటరో' అని భయం. కొందరైతే ఇంకో మాట అంటారు: 'పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం, ఎక్కడ తక్కువకు చేస్తే అక్కడే చేయించుకుందాం.' ఊడగొట్టుకోవడానికైతే ఏ రాయైనా సరే. కాపాడుకోవడానికి మాత్రం అది కుదరదు.

గౌరవంగా అడగండి. 'డాక్టర్ గారూ, నా పన్నులో ఎన్ని కాలువలున్నాయి? పొడవు ఎట్లా కొలిచారు? అన్నీ చివరిదాకా నింపారా?' ఇంతే. నింపాక తీసిన ఎక్స్‌రే ఒకసారి చూపించమనండి. తెల్లటి గీత వేరు మొనకు దగ్గరగా, రెండు మిల్లీమీటర్ల లోపు ఆగి, మొన దాటకుండా ఉంటే మంచి పని అని మామూలుగా లెక్క. మనం చూసి తీర్పు చెప్పక్కర్లేదు. కానీ మనం చూస్తామని తెలిస్తే చూపించేవాళ్లకూ ఒక జాగ్రత్త ఉంటుంది. ఏదైనా కాలువ మూసుకుపోయి దిగకపోతే ఆ మాట చెప్పమనండి, చీటీ మీద రాయమనండి. మంచి డాక్టర్ ఎవరూ దీనికి కోప్పడరు. నేను అడిగితే మా డాక్టర్ సంతోషించి, నా పన్నులో మూడు కాలువల పొడవులూ కార్డు మీద రాసిచ్చాడు.

మన వైపు నుంచి చెప్పాల్సినవీ ఉన్నాయి. గుండెకు పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పాలి. ఇది కరెంటుతో పనిచేసే పరికరం కదా. షుగర్, బీపీ, రక్తం పలచబడే మందులు వాడుతుంటే దాచొద్దు. పాత క్యాపు ఎప్పుడు వేయించుకున్నారో చెప్పండి.

చుట్టీ లెక్క మార్చుకుందాం

ఊళ్లో వైద్యం తక్కువ ఖర్చు, మన భాషలో మాట్లాడొచ్చు. నేనేమీ ఊళ్లో చేయించుకోవద్దనడం లేదు. అక్కడా చేయి తిరిగిన డాక్టర్లు చాలామంది ఉన్నారు, ఈ మీటర్లూ ఉన్నాయి. తప్పంతా మనం పెట్టే టైములోనే ఉంది. పెళ్లిళ్లు, స్లాబులు అయ్యాక చివరి ఐదు రోజుల్లో పన్ను సంగతి చూసుకోమంటే ఎవరైనా ఏం చేస్తారు? రంజాన్ ముందు హ్యాండోవర్ ఇవ్వాలని తొందరపెట్టిన స్లాబు ఎట్లా ఉంటుందో మనకు తెలియనిది కాదు.

చుట్టీకి పోతే మొదటి వారంలోనే పన్ను చూపించుకోండి. నరం తీసి, నింపి, నొప్పి తగ్గిందో లేదో చూసుకొని, క్యాప్ కూడా వేయించుకొని రావడానికి అప్పుడు టైము సరిపోతుంది. నరం తీసిన దవడ పన్ను పైన క్యాప్ లేకపోతే ఎంత బాగా నింపినా పగిలిపోవచ్చు, సందులోంచి ఉమ్మి దిగి మళ్లీ ఇన్‌ఫెక్షన్ రావచ్చు. ఎక్స్‌రేలు, చీటీలు ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. రేపు ఇక్కడ వాపు వస్తే ఇక్కడి డాక్టర్‌కు అవే దారి చూపిస్తాయి. పాస్‌పోర్ట్ కాపీ, వీసా కాపీ ఫోనులో దాచుకుంటాం కదా, వాటి పక్కనే ఇవీ.

చుట్టీ దూరముండి నొప్పి రాత్రి నిద్ర పట్టనీయకపోతే మాత్రం ఆగొద్దు. దవడ వాచి, జ్వరం వచ్చి, మింగడం కష్టమైతే అది పన్ను నొప్పి కాదు, ప్రమాదం. ఆ రోజే ఆస్పత్రికి పోవాలి. గోలీలు నొప్పిని దాస్తాయి గానీ వేరులో చీమును తీయవు.

కంపెనీలకూ ఒక మాట

ఇదంతా కార్మికుడి మీదికి తోసేసి ఊరుకోవడం న్యాయం కాదు. నా దగ్గరున్న ఇన్సూరెన్స్ కార్డు మీద జ్వరానికి మందులొస్తాయి, చేయి విరిగితే కట్టు కడతారు, పన్నుకు రూట్ కెనాల్ అంటే మాత్రం 'కవర్ కాదు' అంటారు. నా రూట్ కెనాల్‌కూ, క్యాప్‌కూ నెల జీతంలో సగం పోయింది. సూపర్‌వైజర్‌ని కాబట్టి తట్టుకున్నాను. నా కింద పనిచేసే హెల్పర్‌కు అదే ఖర్చు నెల జీతం. అతను లవంగం పెట్టుకోక ఏం చేస్తాడు? పీకించుకోవడం తక్కువ ఖర్చు కాబట్టి పీకించుకుంటాడు.

పన్ను నొప్పితో రాత్రంతా మేలుకొన్న మనిషిని పొద్దున నలభయ్యో అంతస్తు స్కాఫోల్డింగ్ ఎక్కించడం ఎంత ప్రమాదమో సేఫ్టీ ఆఫీసర్లకు చెప్పాలా? హెల్మెట్, హార్నెస్ మీద పెట్టే శ్రద్ధలో పదోవంతు దీని మీద పెట్టినా చాలు. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు పళ్ల వైద్యం కూడా చేర్చే పాలసీలుంటాయి. అది కుదరకపోతే ఖర్చు ముందుగా కట్టి, జీతంలోంచి నెలకు కొంచెం కోసుకోండి. ఏడాదికోసారి క్యాంపుకు ఒక పంటి డాక్టర్‌ను పిలిపించి చూపించినా, పుచ్చు చిన్నగా ఉన్నప్పుడే ఫిల్లింగ్‌తో పోయే పని నరం దాకా రాదు. మన సంఘాలు పండగలకు, బతుకమ్మలకు హాళ్లు మాట్లాడుతుంటాయి. సంతోషం. అదే హాలులో ఒక శుక్రవారం పళ్ల శిబిరం పెడితే ఎంతమందికి మేలో ఆలోచించాలి.

మనం ఈ దేశంలో కట్టిన ప్రతి గోడకూ, ప్రతి స్తంభానికీ కొలత ఉంది. మిల్లీమీటరు తేడా వస్తే పగలగొట్టి మళ్లీ కట్టించారు, మనం కట్టాం. పరాయివాళ్ల బిల్డింగులకు అంత కొలతగా పని చేసే మనం, మన నోట్లో జరిగే పనికి కొలత ఏమైందని అడగకపోవడం ఏం న్యాయం? మా రూములో అన్న ఇప్పుడు ఎవరికి పన్ను సలిపినా ఒకటే చెబుతున్నాడు: 'అడిగి చేయించుకో తమ్మీ. నేనడగలే.'